దొంతుల గుట్ట – తొమ్మిదో భాగం: టికెట్ కిటికీలోంచి నిప్పుకుండ

పోయిన వారం మా దొంతులపల్లి ఖాళీ అయిపోయే దగ్గర ఆపాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను.

ఏడాదికి ఒక్క రోజు, శ్రావణంలో, మా ఊరంతా వనవాసం పోతుంది. పొద్దు పొడవకముందే పొయ్యిలు ఆర్పి, తలుపులకు తాళాలు వేసి, వాకిళ్ళకు తుమ్మకంప అడ్డం పెట్టి, పిల్లలు, ముసలివాళ్ళు, మేకలు, కోళ్ళతో సహా దొంతుల గుట్ట ఎక్కుతాం. కుండల మీద కుండలు పేర్చినట్టు బండలు ఉంటాయి కాబట్టి గుట్టకు ఆ పేరు. పైన చదునుగా ఉండే సాపు బండ మీద వండుకుని తిని, దీపాల వేళకు దిగుతాం. ఆలోపు ఎవరూ ఊళ్ళో అడుగు పెట్టకూడదు. మిగతా రోజుల్లో ఎవరూ గుట్ట ఎక్కకూడదు.

ఈ ఏడు గుట్ట మొదట్లో ఇనుప గేటు పడింది. జగదేవ్‌పూర్ దగ్గరి పెద్ద రైతు కుటుంబానికి చెందిన సాయికిరణ్ గుట్టను లీజుకు తీసుకుని టెంట్లు వేశాడు. తాడు మీద జారే ఆట, బండలెక్కే ఆట పెట్టాడు. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి కార్లు వస్తాయి. మహారాష్ట్రలో భీవండి మగ్గాల మీద పదకొండేళ్ళు పనిచేసి తిరిగొచ్చిన మా బాపు దేవదాసుకు ఆ గేటు దగ్గరే వాచ్‌మన్ కొలువు దొరికింది.

ఒక సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. గుట్ట గురించి నేను నోట్‌బుక్‌లో రాసుకున్నదాన్ని సాయికిరణ్ ఒకరోజు మా ఇంట్లోనే ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. ఒక్క పేజీ మాత్రమే.

*

మేం గేటు దగ్గరికి చేరేసరికి తూర్పు తెల్లబడింది. అందరికంటే ముందు సిద్ధయ్య తాత నడుస్తున్నాడు. ఆయన చేతుల్లో నిప్పుకుండ ఉంది. ఊళ్ళో అందరికంటే చివర ఆర్పిన పొయ్యిలోంచి తీసిన నిప్పులు బూడిద కప్పుకుని అందులో ఉంటాయి. వాటితోనే సాపు బండ మీద మొదటి పొయ్యి వెలగాలి. అగ్గిపెట్టె పనికిరాదు. ఆ పొయ్యి వెలిగితేనే వనవాసం మొదలైనట్టు.

రెండు పెద్ద బండల మధ్య ఎడ్లబండి పట్టేంత తోవ ఉంటుంది. ఆ తోవకే అడ్డంగా గేటు పెట్టారు. దాన్ని ఆనుకుని టికెట్ గది, ఆ గదికి బయటివైపు ఒక చిన్న కిటికీ. గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీ ఉంది. డ్రోన్‌తో పైనుంచి తీసిన సాపు బండ ఫొటో, దాని కింద 'ఆదిమానవుడి అడుగుజాడల్లో హెరిటేజ్ ట్రెక్' అని పెద్ద అక్షరాలు.

గేటు వెనక నీలం డ్రెస్సులో, టోపీలో మా బాపు నిలబడి ఉన్నాడు. నిన్న సాయంత్రం డ్యూటీకి వెళ్ళిన మనిషి. ఆయన కళ్ళు మమ్మల్ని కాక మా కాళ్ళను చూస్తున్నాయి.

"ఏం దేవదాసూ, గేటు లోపల ఎవల్నో కట్టేసిన్రనుకున్న. నువ్వేనా?" అంది కుమ్మరి పెంటవ్వ.

వెనక నవ్వులు లేచాయి. బాపు నవ్వలేదు.

"అక్కా, సారుకు ఫోన్ చేసిన. వస్తుండు. గాయిన వచ్చెదాక ఆగున్రి."

"సారు వచ్చెదాక పొద్దు ఆగుతదా?" అన్నాడు సిద్ధయ్య తాత.

"కాకా, తియ్యొద్దన్నరు. నేనేం జెయ్యాలె?"

"నిన్ను అడుగుతలేను బిడ్డా, పొద్దును అడుగుతున్న," అని తాత నిప్పుకుండను జాగ్రత్తగా బండ మీద పెట్టి, పక్కనే కూర్చున్నాడు.

కాసేపటికి జీపు వచ్చింది. మేకలు అడ్డం ఉండటంతో వెనకే ఆగిపోయింది. సాయికిరణ్ దిగి, మేకల మధ్య నుంచి దారి చేసుకుంటూ మా ముందుకు వచ్చాడు. మంచి బూట్లు, నడుముకు వాకీటాకీ. ఆయన అరిచే మనిషి కాదు. అరిచే మనిషైతే మాకు ఇంకా తేలికగా ఉండేదేమో.

"నమస్తే తాతా. ఊరంత వచ్చిన్రు, మస్తు సంతోషం," అన్నాడు. "నేను మిమ్ముల రావద్దంటలేను. టికెట్ గూడ వద్దు. యాభై మంది, యాభై మంది చొప్పున గైడ్ తీస్కపోతడు. సూసి దిగుర్రి. పైన మంట మాత్రం పెట్టొద్దు, టెంట్లల్ల గెస్టులున్నరు. అన్నం మేమే పెడతం. చికెన్ బిర్యానీ. కూసోనీకె కుర్చీలు ఏపిస్త."

"కుర్చీలల్ల కూసోని తిననీకె ఇంత తెల్లారగట్ల ఊరికి కంప ఏసి రావాల్నా పటేలా?" అంది పెంటవ్వ. "మాకేమన్న పెండ్లి పత్రిక పంపినవా?"

"మేం తిననీకె రాలే బిడ్డా," అన్నాడు సిద్ధయ్య తాత. "వండనీకె వచ్చినం. మీ తాత గీ రాళ్ళ కాడికి వచ్చినప్పుడు చెప్పులు ఇడిసి నిలవడుతుండె. ఆయనకు ఎరుక, గిది ఏం జాగనో."

"మా తాత కాలం వేరు తాతా. ఇప్పుడు నా దగ్గర కాగితం ఉంది." సాయికిరణ్ ఫోన్ తీశాడు. "ఎనిమిది నెలల నుంచి సూస్తున్న. మీ ఊరి మనిషి ఒక్కడు ఎక్కలే. లీజు ఇచ్చేముందు ఆఫీసుల నన్ను ఒక్కటే అడిగిన్రు, ఊరోళ్ళకు గుట్టతోని అవసరం ఉన్నదా అని. నేను నా నోటితోని చెప్పలే. మీ ఊరి మాటే సూపించిన. ఇనున్రి."

ఆయన చదవడం మొదలుపెట్టాడు.

"మా దొంతుల గుట్ట మీదికి మేము ఎవ్వరం ఎక్కము. నా చిన్నప్పటి నుంచి గుట్ట మీద తిరిగే మనిషిని నేను చూడలేదు. పశువులను కూడా గుట్ట మొదట్లోని గీత బండ దాటనివ్వరు. అందరికీ కనిపించేంత దగ్గరగా ఉన్నా గుట్ట జోలికి ఎవరూ పోరు."

ఫోన్ మా వైపు తిప్పి, అందరికీ కనిపించేటట్టు పైకెత్తాడు. నీలం ఇంకు, గీతల కాగితం. 'గుట్ట' అన్న మాటలో ట వత్తును నేను కిందికి పొడుగ్గా లాగుతాను. దూరం నుంచి కూడా కనిపించింది.

"ఎవల్రా రాసింది?" అని ఎవరో అడిగారు.

"ఎవరైతేంది? మీ ఊరోళ్ళే," అన్నాడు సాయికిరణ్. "ఇంతమంది పెద్దలు ఉన్నరు, జెర ఆలోచించున్రి. ఏడాది పొడుగున ఎక్కనోళ్ళు ఇయ్యాల ఒక్కరోజు ఎక్కకపోతె ఏమైతది?"

సిద్ధయ్య తాత నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. "ఇయ్యాల ఎక్కకపోతె గా కాగితంల ఉన్నది నిజమైతది. గదే అయితది."

అప్పుడు మా బాపమ్మ కిష్టవ్వ నోరు తెరిచింది. అంతవరకు ఆమె ఎండు మిరపకాయల సంచి భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"గా రాత ఎవలిదో గాని, వాళ్ళ నోట్లె మన్ను వడ," అంది. "గా చెయ్యి మల్ల అన్నం కలుపుకోకుంట పోను."

ఆమె పట్టుకుని ఉన్నది ఆ చేతినే.

*

నేను మాట్లాడే పిల్లను కాను. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను 'ఎస్ మేడం' అన్నా మేడంకు వినిపించదు. తొమ్మిదో తరగతిలో బడికి పోయిన రోజుల్లోనే నాకు పన్నెండు ఆబ్సెంట్లు పడ్డాయి. చుట్టాలు వస్తే ధాన్యం గుమ్మి వెనక్కి పోతాను. నోటితో చెప్పలేనివన్నీ నోట్‌బుక్‌లో రాస్తాను.

ఫొటో తీసిన రోజు, లీజు ఇంకా రాకముందు, సాయికిరణ్ మా ఇంట్లో మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "మా బిడ్డ రాసింది సార్, గుట్ట గురించి. బళ్ళె ప్రైజ్ వచ్చింది," అని బాపు నోట్‌బుక్ తెచ్చి ఇచ్చాడు. భీవండి నుంచి వచ్చాక బాపు అంత సంతోషంగా మాట్లాడటం నేను అదే చూడటం. సాయికిరణ్ చదివి, బాగుందని తల ఊపి, ఫొటో తీసి, నోట్‌బుక్ మూసి బాపు చేతికిచ్చాడు. నేను తలుపు చాటున ఉన్నాను. పేజీ తిప్పలేదే అనుకున్నాను. 'పేజీ తిప్పండి సార్' అనాలి. మూడు మాటలు. ఆయన చాయ్ తాగడం అయిపోయింది, చెప్పులు వేసుకున్నాడు, బండి ఎక్కాడు. ఆ మూడు మాటలు నా నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి.

అక్కడ ఆగిపోయినదే ఇప్పుడు ఇనుప గేటై మా ఊరి ముందు నిలబడింది.

బాపమ్మ చేతిలోంచి నా చెయ్యి తీసుకున్నాను.

"నేనే రాసిన," అన్నాను.

ఎవరికీ వినిపించలేదు. పెంటవ్వ సాయికిరణ్‌తో గట్టిగా వాదిస్తోంది. మేకలు అరుస్తున్నాయి. నేను రెండడుగులు ముందుకు వేసి, సిద్ధయ్య తాత పక్కనున్న బండ మీదికి ఎక్కాను.

"గది నేనే రాసిన!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ముందు వరస మొత్తం నా వైపు తిరిగింది. తర్వాత వెనకవాళ్ళు తిరిగారు. గేటు లోపల బాపు తల ఎత్తాడు. బాపమ్మ ముఖం మాత్రం నేను చూడలేదు.

"చూసిన్రా, నేను అబద్ధం చెప్పలే," అన్నాడు సాయికిరణ్. "మంచిగ రాసినవ్ అమ్మా. భయపడకు."

"పేజీ తిప్పండి సార్."

"ఏంది?"

"పేజీ తిప్పండి. వెనక ఇంకో పేజీ ఉంది."

ఆయన ఫోన్ చూసుకున్నాడు. "నా దగ్గర ఇదొక్కటే ఉంది."

"మీరు ఒక్కటే తీసిన్రు సార్. నేను సూసిన."

"సూసినప్పుడు అప్పుడే చెప్పకపోయినవ్?"

అది నన్ను నేను ఎనిమిది నెలలకు పైగా అడుగుతున్న ప్రశ్న. ఇంకొకరి నోటి నుంచి వినేసరికి అంత బరువుగా అనిపించలేదు.

"అప్పుడు చెప్పలె సార్. ఇప్పుడు చెప్తున్న," అన్నాను.

చేతిలో నోట్‌బుక్ లేదు. అవసరం కూడా లేదు. నేను రాసినవి నాకు గుర్తుంటాయి. కళ్ళు మూసుకుని, రాసింది రాసినట్టే చెప్పాను.

"ఒక్క వనవాసం రోజు తప్ప. ఆ రోజు ఊరంతా ఎక్కుతుంది. మిగతా రోజులు గుట్ట నెమళ్ళది, కుందేళ్ళది, సీతాఫలం చెట్లది అని మా బాపమ్మ చెబుతుంది. వాటి రోజులు మనం తీసుకోవద్దట. అందుకే ఎక్కము. సాపు బండ మీద నలభై మూడు గుంతలు ఉన్నాయి. ఒక్కొక్క ఇంటిపేరుకు ఒక్కొక్క గుంత. అందులోనే ఆ రోజు మిరపకాయలు నూరుకోవాలి. అన్నదమ్ములు వేరుపడితే ఇల్లు పంచుకుంటారు, పొలం పంచుకుంటారు, గుంతను మాత్రం పంచరు. మాటలు లేని తోడికోడళ్ళు కూడా ఆ రోజు ఒకే గుంత దగ్గర కూర్చోవాలి. గాజులవాళ్ళ గుంత అన్నిటికంటే లోతు. కుమ్మరివాళ్ళ గుంతకు అంచు విరిగింది. పెంటవ్వ వాళ్ళ మామ కంట్లో కారం పడితే కోపమొచ్చి గడ్డపారతో..."

"గది గూడ రాసినవానే!" అని పెంటవ్వ అరిచింది. చుట్టూ ఒక్కసారిగా నవ్వులు. "నిజమే పటేలా, నిజమే! గుంతను కొడితె కారం తగ్గుతదా అని మా అత్త సచ్చెదాక తిట్టింది."

నేను ఆపలేదు. మిగతాది చివరిదాకా చెప్పాను. మధ్యలో రెండుసార్లు వెనక నుంచి ఎవరో "అవ్, మాదే గది" అన్నారు.

సాయికిరణ్ ఓపికగా విన్నాడు. "మంచి కథ," అన్నాడు. "కాని అమ్మా, ఆ గుంతలు మూడు వేల ఏండ్ల కిందియి. ఆదిమానవులు తొలిచినయి. మా గైడ్ రోజు చెప్తడు. వాటికి ఇంటిపేర్లు ఎక్కడియి?"

"ఆదిమానవుడంటె మా మామనే అయి ఉంటడు," అంది పెంటవ్వ.

"తొలిచింది ఎవలో మేం సూడలే సార్," అన్నాను. "నూరేది మేమే."

"రుజువు?"

ఆ మాటకు బాపమ్మ కదిలింది. నా పక్కనుంచే పోయింది, నన్ను చూడలేదు. నేరుగా గేటు దగ్గరికి పోయి ఫ్లెక్సీ ముందు నిలబడి, పైట కొంగుతో దాని మీది దుమ్ము తుడిచింది. డ్రోన్ ఫొటోలో గుంతలన్నీ నల్లటి చుక్కల్లా ఉన్నాయి.

"గిది గాజులోళ్ళది," అని ఒకదాని మీద వేలు పెట్టింది. "గిది ఏములోళ్ళది. ఇగో, కుమ్మరోళ్ళది, పెంటవ్వా, నీ మామ సంతకం ఈడనే ఉన్నది సూడు."

నిజంగానే ఆ చుక్కకు ఒకవైపు అంచు లేదు. సాయికిరణ్ కూడా వంగి చూశాడు. ఇన్నాళ్ళుగా ఆయన గేటు మీదే ఉన్న బొమ్మ. వెనక నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి తమ గుంత మీద చెయ్యి పెట్టి పోతున్నారు. ఫ్లెక్సీ పటపట కొట్టుకుంటోంది.

"ఇగ మాది," అంటూ బాపమ్మ వేలు ఏములవాళ్ళ గుంత నుంచి పక్కకు జరిగింది.

జరిగి ఆగిపోయింది. కొంచెం వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోయింది. అక్కడ చుక్క లేదు. బూడిద రంగు నలుచదరం ఒకటి ఉంది, దాని మధ్యలో ఇనుప స్తంభం. ఆ స్తంభం నుంచే తాడు గుట్ట కిందికి సాగి ఉంది.

"దేవదాసూ," అంది బాపమ్మ. గేటు కమ్మీల్లోంచి కొడుకును చూస్తూ. "మన గుంతేది?"

బాపు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మళ్ళీ తలకు పెట్టుకున్నాడు.

"అవ్వా..."

"మన గుంతేది బిడ్డా?"

"స్తంభానికి జాగ సూపియ్యమన్నరు అవ్వా. బండ మీద గట్టిగ ఉన్న జాగ, గుంత ఉంటె ఇనుము దిగుతదన్నరు." "ఎవలది సూపియ్యాలె? ఏములోళ్ళది సూపిస్తె మల్ల వాళ్ళ మొకం సూడగల్గుతనా? సిద్ధయ్య కాకది సూపిస్తనా? మనదే సూపించిన."

"సిమెంటు ఎవలు కలిపిన్రు?"

"నేనే."

గేటు ముందు రెండు వందల మందిమి ఉన్నాం. పక్కింట్లో చక్కెర అడిగినా రెండింతలు తిరిగి ఇచ్చే మనిషి మా బాపు. ఊరి గుంతల్లో ఒకటి పోక తప్పదంటే తన ఇంటిదే ఇచ్చాడు. అది మర్యాద అనుకున్నాడు.

"మనదని ఇచ్చినవ్," అంది బాపమ్మ. "మనదైనందుకే నన్ను అడగకపోతివి."

గొంతు పెద్దది చేయలేదు. కానీ బాపు రెండు చేతులతో గేటు కమ్మీలు పట్టుకున్నాడు.

*

సూర్యుడు గుట్ట భుజం మీదికి వచ్చాడు. మామూలుగా ఈ వేళకు మేం సగం దూరం ఎక్కి ఉండాలి. సిద్ధయ్య తాత నిప్పుకుండ మూత తీసి లోపలికి ఊదాడు.

"నిప్పు సల్లబడుతున్నది," అన్నాడు. "ఆరితె ఇగ ఊళ్ళెకు పోయి తెచ్చెటట్టు లేదు. పైన పొయ్యి ముట్టియ్యాలె. ఊరి మనిషే ముట్టియ్యాలె." అందరినీ ఒకసారి చూశాడు. "గేటు లోపల ఊరి మనిషి ఒక్కడే ఉన్నడు."

అందరి కళ్ళు బాపు మీదికి పోయాయి. వెనక నుంచి గాజుల దామోదర్ గొంతు లేచింది. "గుంత పూడిసినోని చేతికి నిప్పిస్తవా తాతా?"

కొందరు అవునన్నారు. కొందరు తల తిప్పుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

బాపమ్మ వచ్చి నిప్పుకుండను రెండు చేతులతో ఎత్తుకుంది.

"వాడు నా కొడుకు," అంది దామోదర్‌తో. "వాని తప్పు నేను ఇంటికి వొయినంక సూస్కుంట. గది మా ఇంటి లెక్క. ఇయ్యాల మాత్రం నిప్పు ఆరొద్దు."

టికెట్ గది కిటికీ దగ్గరికి నడిచింది. సాయికిరణ్ ఆమెకు అడ్డం రాలేదు. అడ్డం రావాలంటే పెంటవ్వను, ఆమె నాలుగు మేకలను దాటి రావాలి.

"దేవదాస్!" అని మాత్రం అరిచాడు. మొదటిసారి అరిచాడు. "ఆ కుండ ముట్టినవంటె రేపటి నుంచి కొలువుకు రాకు. చెప్తున్న."

కిటికీ అవతల బాపు ముఖం కనిపించింది. నేను బాపమ్మ వెనకే ఉన్నాను. ఆ కొలువు కోసం ఆయన ఎంత తిరిగాడో నాకు తెలుసు. భీవండిలో పొగలో, దూదిలో పదకొండేళ్ళున్నాక ఊళ్ళో ఉండి సంపాదించుకునే పని అదొక్కటే దొరికింది. నాతో రోజూ అన్నం తినే బాపు ఆ కొలువు వల్లే నాకు దొరికాడు. తీసుకోమని అనలేకపోయాను. వద్దనడానికి కూడా నాకు మనసు రాలేదు.

బాపు బాపమ్మను చూసి, తర్వాత నన్ను చూశాడు.

"రెండో పేజీ నేను గూడ సదవలే బిడ్డా," అన్నాడు. "ఇయ్యాలనే ఇన్న."

కిటికీలోంచి రెండు చేతులు చాచాడు. కుండ ఆ కిటికీకి సరిగ్గా పట్టింది, వేలెడు సందు కూడా మిగలలేదు. ఆయన అరచేతులకు వేడి తగిలి ఉంటుంది. కుండను మాత్రం దించలేదు.

"టికెట్ లేకుంటనే నిప్పు లోపలికి వోయింది పటేలా," అంది పెంటవ్వ. "రాసుకో."

"గేటు తియ్యి దేవదాస్! తాళం తీసి నన్ను లోపలికి రానియ్యి!" అన్నాడు సాయికిరణ్.

బాపు కుండతో తోవలోకి నడిచి, ఒక్కసారి వెనక్కి తిరిగాడు.

"గేటు తియ్యొద్దన్నరు గద సార్," అన్నాడు, రోజూ అన్నంత మర్యాదగానే. "తియ్యలే."

తాళంచెవి బాపు జేబులోనే ఉంది. గుట్ట తోవ మలుపులో నీలం చొక్కా ఒకసారి కనిపించి, బండల వెనక మాయమైంది.

సాయికిరణ్ గేటు కదిపి చూశాడు. గట్టి గేటు, ఆయనే పెట్టించాడు. వాకీటాకీలో ఎవరెవరినో పిలిచాడు. గరగరమని శబ్దం తప్ప జవాబు రాలేదు. ఆయన జీపు ముందు మేకలు, మేకల ముందు మేం. మా ఊరు మొత్తం గేటు బయట, మాతోపాటే ఆయన కూడా.

"కూసో బిడ్డా," అని సిద్ధయ్య తాత పక్కనున్న బండ చూపించాడు. "అన్నం వండుతం. మాతోనే తిందువు. కుర్చీలు మాత్రం లేవు."

ఆయన కూర్చోలేదు.

బాపమ్మ నా పక్కకు వచ్చింది. ఆమె తిట్టిన తిట్టు ఇంకా మా ఇద్దరి మధ్యే ఉంది. దాన్ని ఆమె వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు.

"రెండో పేజీల నా గురించి గూడ రాసినవా?" అంది.

"రాసిన బాపమ్మా."

"ఇంటికి వొయినంక సదివి ఇనిపియ్యి. గట్టిగ సదువు. నాకు ఇనవడదు." మిరపకాయల సంచి తీసి నా భుజాన వేసింది.

అప్పుడే ఎవరో "పొగ! పొగ!" అని కేక వేశారు.

సాపు బండ ఉన్న చోటు నుంచి సన్నగా, తెల్లగా పొగ లేచింది. గాలి ఆగింది. నిలువుగా పైకి పోతోంది. సిద్ధయ్య తాత చేతులు జోడించాడు. కింద ఉన్నవాళ్ళంతా ఒకేసారి కదిలారు. మూడేసి రాళ్ళు ఏరుకొచ్చి గేటుకు అడ్డంగా తోవ మీదే పొయ్యిలు పెట్టడం మొదలుపెట్టారు. పైన పొయ్యి వెలిగింది కాబట్టి ఇక ఎక్కడ వండినా అది వనవాసమే. తాళం తీసేదాకా గేటు ముందే వండుతామని, దీపాల వేళ దాకా ఒక్కరం కదలమని పెంటవ్వ అందరికీ వినబడేలా చెప్పింది. సాయికిరణ్ చెవికి ఫోన్ పెట్టుకుని జీపు వైపు నడిచాడు. "పోలీసులు" అన్న మాట నాకు వినబడింది. పెంటవ్వకు కూడా వినబడింది.

"రమ్మను. వాళ్ళకు గూడ వండుతం," అంది ఉల్లిగడ్డలు కోస్తూ.

నేను బియ్యం కడుగుతున్నాను.

ఠంగ్.

కడగడం ఆపాను. శబ్దం పైనుంచే వచ్చింది. మళ్ళీ ఠంగ్ మంది. ఇనుము రాయి మీద పడుతున్న చప్పుడు. బాపమ్మ లేచి నిలబడింది. మా గుంత మీది సిమెంటే పగులుతోందని ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. గేటు ముందున్న పొయ్యిల దగ్గరివాళ్ళంతా తలలెత్తారు. ఫోన్ చెవిన పెట్టుకున్న సాయికిరణ్ కూడా పైకి చూశాడు.

ఠంగ్. ఠంగ్.

నేను తల వంచి విన్నాను. వడ్లు దంచేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకలి పోటు వేస్తారు చూడండి, ఒకటి లేస్తుంటే ఇంకొకటి పడుతుంది. అలా ఉంది. రెండు దెబ్బల మధ్య ఒక్క మనిషి చెయ్యి ఎత్తి దించేంత సందు లేదు.

సిద్ధయ్య తాతకు కూడా అదే అనుమానం వచ్చినట్టుంది. లేచి మా గుంపులో ఇంటింటి పేరు పెట్టి పిలిచాడు. ప్రతి ఇల్లూ పలికింది. ఊరు ఊరంతా గేటు ఇవతలే ఉంది.

బాపు ఒక్కడే పోయాడు. పైన మాత్రం రెండు సుత్తెలు పడుతున్నాయి.